ముత్యం కుదిరింది, ముఖం కుదరలేదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు పంపిన పొడవాటి ఉత్తరం ఇది. ఆమెకు 43 ఏళ్లు. పగలంతా ఉద్యోగం. రాత్రి అందరూ పడుకున్నాక దొరికే రెండు గంటలే బొమ్మలకి. ఆయిల్ రంగులతో పోర్ట్రెయిట్లు వేయడం నేర్చుకోవాలని ఏడాది కిందట ఒక గురువు దగ్గర చేరారు. "ముందు పాత మాస్టర్ల బొమ్మ ఒకటి పూర్తిగా కాపీ చెయ్యి. అది ముగిసేదాకా ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం జోలికి పోకు" అన్నారట ఆయన. ఆమె డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'ముత్యపు చెవిపోగు అమ్మాయి'ని ఎంచుకున్నారు. 11 నెలలు గడిచాయి, బొమ్మ ఇంకా ఈజిల్ మీదే ఉంది.

ఏం చేశారో ఆమె వివరంగా రాశారు. కాన్వాస్ 50 సెంటీమీటర్ల ఎత్తు, 40 వెడల్పు. దాని మీద నిలువున 10, అడ్డంగా 8 గళ్లు గీసి, ప్రింటు మీదా అన్నే గళ్లు గీసి, గడి చూసి గడి దించారు. ముందుగా వెనకభాగమంతా ఐవరీ బ్లాక్ అనే నలుపులో అవిసె నూనె బాగా కలిపి నింపారు. నాలుగు రోజుల తర్వాత, మరీ మెరుస్తోందని, రా అంబర్ అనే ముదురు గోధుమ రంగుని టర్పెంటైన్‌తో పల్చన చేసి పైన పూశారు. ముఖానికి, ఫోన్ తెర చూసుకుంటూ, టైటేనియం వైట్, లెమన్ యెల్లో, క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. నీడలకు అవే రంగుల్లో నలుపు. ఇప్పుడు ముఖం బూడిద పూసినట్టుంది, దవడ కింద పచ్చగా తిరిగింది, నుదురు ఒకచోట మెరుస్తూ ఒకచోట వెలవెలబోతోంది, వెనకభాగంలో సన్నటి పగుళ్లు వచ్చాయి. ముక్కు అతికించినట్టుందట. రంగులు ఎన్ని దిద్దినా పోలిక రాలేదట. ముత్యం మాత్రం ఒక్క సాయంత్రంలో వచ్చేసింది, చూసినవాళ్లందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు.

అసలు బాధ వేరే ఉంది. ఆమె ఈ విద్య మొదలుపెట్టిందే వాళ్లమ్మగారి బొమ్మ వేయడానికి. అమ్మగారికి 76 ఏళ్లు, చూపు తగ్గుతోంది, ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు. గురువుగారేమో కాపీ ముగించమంటారు. బొమ్మలు వేసే స్నేహితురాలేమో "కాపీ కొట్టడం దొంగతనం, నీ చెయ్యి పాడైపోతుంది" అంటుంది. టర్పెంటైన్ వాసనకి తలనొప్పి వస్తోందని భర్త గొడవ. ఒక బంధువు ఆ బొమ్మను తన కొత్తింట్లో పెట్టుకుంటానని, కింద సంతకం చేసిమ్మని అడుగుతున్నారు. దీన్ని బాగుచేసుకోవాలా, కొత్తది మొదలుపెట్టాలా, కాపీలు మానేసి అమ్మ బొమ్మ మొదలుపెట్టాలా, చివరికి ఈ పాత కాన్వాస్‌ని ఏం చేయాలి అని అడుగుతున్నారు.

ముత్యం ఎలా వచ్చిందో మీకే తెలీదని రాశారు. అక్కడి నుంచే మొదలుపెడదాం. అందులో ముత్యమంటూ ఏమీ లేదు. పైన ఎడమవైపు గట్టి తెల్ల మచ్చ ఒకటి, కింద కాలరు తెలుపు ప్రతిఫలించిన మసక మరక ఒకటి. మిగిలినదంతా మెడ నీడే. చెవికి తగిలించే కొక్కెం కూడా వెర్మీర్ వేయలేదు. నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో ఆ బొమ్మ ఉన్న మౌరిట్స్‌హౌస్ మ్యూజియంవాళ్లు 2018లో దాన్ని పరికరాలతో పరీక్షించినప్పుడూ కొక్కెం జాడ కనబడలేదు. అక్కడ మీరు వేసింది ముత్యాన్ని కాదు, కనబడిన రెండు మరకల్ని. ఎక్కడ ఎంత వెలుగు, దాని అంచు గట్టిదా మెత్తదా అన్నది చూసి వేశారు, అందుకే వచ్చింది.

ముఖం దగ్గరికి వచ్చేసరికి పేర్లు అడ్డొచ్చాయి. ఇది ముక్కు, ముక్కుకి అంచు ఉంటుంది, కాబట్టి గీయాలి అనుకున్నారు. అసలు బొమ్మను మళ్లీ చూడండి. ఎడమవైపు, అంటే వెలుగొచ్చే వైపు, ముక్కు దూలానికీ అవతలి బుగ్గకీ మధ్య గీతే లేదు. రెండూ ఒకే వెలుగులో కరిగిపోయాయి. ముక్కు ఉందని మనకు తెలిసేది కుడిపక్క నీడవల్ల, ముక్కుపుటం దగ్గరి చిన్న ముదురు వల్ల. అక్కడ మీరు సన్నటి గోధుమ గీత గీసి ఉంటారు. గీశాక ఎవరి ముక్కైనా అతికించినట్టే ఉంటుంది. గీత తీసేసి, ఆ చోట బుగ్గ రంగే ముక్కు మీదికి నడిపిస్తే ముఖం సగం కుదురుతుంది.

మిగతా సగం మీ చేతి తప్పు కాదు, స్కేలు తప్పు. అసలు బొమ్మ ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39. మీ కాన్వాస్ 50, 40. ఈ రెండు దీర్ఘచతురస్రాల నిష్పత్తి వేరు. మీరు రెండింటినీ పదీ ఎనిమిదీ గళ్లుగా కోసేసరికి కాన్వాస్ మీది గళ్లు నికరంగా సమచదరం అయ్యాయి, ప్రింటు మీదివి కాస్త అడ్డంగా సాగిన గళ్లయ్యాయి. ఆ తేడా లెక్కకడితే ముఖం నిలువున దాదాపు పదో వంతు సాగింది. గడ్డం కిందికి, కళ్లు పైకి పోయాయి. అమ్మాయికి వయసు పెరిగినట్టు కనబడుతోందని మీరు రాసింది ఇందుకే. రంగులు మార్చి మార్చి పోలిక కోసం వెతికారు గానీ, ఆ తప్పు రంగు కింద ఉంది. గీతల్లో ఉన్న తప్పును రంగు దాచలేదు.

కాన్వాస్ మార్చనక్కర్లేదు. అదే 50, 40 సైజుదానికి కింద 4.4 సెంటీమీటర్ల పట్టీని టేపుతో మూసేసి మిగిలిన 45.6 ఎత్తులో వేసుకుంటే నిష్పత్తి కుదురుతుంది. గళ్లు గీసేటప్పుడు ప్రింటు వెడల్పును 8తో భాగించండి. వచ్చిన కొలతనే నిలువుకూ వాడండి. పైనుంచి కిందికి తొమ్మిది పూర్తి గళ్లూ, ఓ చిన్న ముక్కా వస్తాయి. ఆ ముక్క మిగలడమే లెక్క సరిపోయిందనడానికి గుర్తు.

బూడిద రంగు సంగతి. టైటేనియం వైట్ చాలా బలమైన తెలుపు, చల్లటి తెలుపు కూడా, అంటే నీలంవైపు మొగ్గేది. వెర్మీర్ వాడింది సీసపు తెలుపు. అది ఇంత కప్పేయదు, కాస్త వెచ్చగా, అంటే పసుపువైపు ఉంటుంది. సీసం విషం కాబట్టి ఇంట్లో దాని జోలికి వెళ్లమని చెప్పను. టైటేనియంనే వాడండి గానీ, వాడే ముందు దాంట్లో యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు చిటికెడు కలిపి వెచ్చబరచండి, మీరు వేస్తున్నదాంట్లో సగమే వేయండి. నీడల్లో మాత్రం తెలుపు పడనివ్వొద్దు. నీడలో తెలుపు పడిందంటే అది నీడగా ఉండదు, సున్నం కొట్టిన గోడ అవుతుంది. మీరు నీడ ముదురైందని తెలుపు, లేతైందని నలుపు, ఇలా పడుగుపేకలా కలుపుతూ పోయారు. దవడ పచ్చబడింది లెమన్ యెల్లో వల్ల. ఐవరీ బ్లాక్‌లో నీలపు ఛాయ ఉంటుంది, దాంట్లో నిమ్మపచ్చ పడితే ఆలివ్ ఆకుపచ్చ వస్తుంది. చర్మానికి లెమన్ యెల్లో అక్కర్లేదు, ఓకర్ చాలు. క్రిమ్సన్ ట్యూబు వెనక పీఆర్ 83 అని ఉంటే అది అసలైన అలిజరిన్, పల్చగా పూస్తే ఏళ్ల తరబడి వెలుతురుకి వెలిసిపోతుంది. 'పర్మనెంట్' అని రాసి, వేరే కోడ్ ఉన్నది తెచ్చుకోండి.

ఇక పగుళ్లు. కింద ఐవరీ బ్లాక్ నెమ్మదిగా ఎండే రంగు, పైగా మీరు నూనె బాగా కలిపారు. దానిపైన వేసిన అంబర్ తొందరగా ఎండే రంగు, పైగా టర్పెంటైన్‌తో నూనె పలచబడింది. పైపొర గట్టిపడిపోయాక కూడా కిందిపొర ఇంకా కదులుతూనే ఉంది. అందుకే చిట్లింది. కింద పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ అనే పాత సూత్రాన్ని మీరు తలకిందులుగా పాటించారన్నమాట. నుదుటి మీది వెలవెల మాత్రం జబ్బు కాదు. కింద పొర నూనె పీల్చుకున్న చోట పైరంగు చప్పబడుతుంది. మళ్లీ రంగు వేయబోయే ముందు, వేయబోయే చోట మాత్రమే, పీచు రాలని గుడ్డతో అవిసె నూనె చుక్క రుద్ది, రెండు నిమిషాలాగి, అంతా తుడిచేస్తే రంగు తిరిగి నిండుగా కనబడుతుంది. తుడవకుండా వదిలేస్తే పసుపుపచ్చగా మారుతుంది, అది వేరే తలనొప్పి.

వెనకభాగం గురించి మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. అది నల్లని గోడ కాదు. 1665 ప్రాంతంలో వెర్మీర్ అక్కడ ముదురు అడుగుపొర మీద ఇండిగో నీలం, వెల్డ్ అనే మొక్క పసుపు కలిపిన పలుచని ఆకుపచ్చ పొర వేశాడు. మ్యూజియం పరిశోధనలో అక్కడ ఆకుపచ్చ తెర మడతలు ఉండేవని తేలింది. ఆ రెండు రంగులూ వెలుతురుకి నిలబడేవి కావు, 350 ఏళ్లలో చెదిరిపోయాయి. అంటే మీరు 11 నెలలుగా దించుతున్నది ఆయన వేసిన నలుపును కాదు, కాలం మిగిల్చిన నలుపును. ఎదురుగా ఉన్న ఫలితాన్ని కాపీ చేస్తున్నామా, ఆయన చేసిన వరుసను కాపీ చేస్తున్నామా అన్నది కాపీకి కూర్చునే ముందే తేల్చుకోవాలి. మీరు ఫలితాన్ని మాత్రమే దించుతూ వచ్చారు, అందులోనూ రంగులకైతే ఫోన్ తెరలోని ఫలితాన్ని. తెర వెనకనుంచి వెలుగుతుంది, కాన్వాస్ వెలగదు. అందుకే ఎంత తెలుపు వేసినా చాలట్లేదు. మ్యూజియం వెబ్‌సైట్‌లో పెట్టిన పెద్ద సైజు బొమ్మను ప్రింటు తీయించి, కాన్వాస్ పక్కనే, రెండింటి మీదా ఒకే దీపం పడేట్టు పెట్టుకోండి.

మీ స్నేహితురాలి మాట, గురువుగారి మాట పక్కపక్కన పెట్టి చూద్దాం. కాపీ దొంగతనమైతే ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ పెద్ద దొంగ. 1628, 29 ప్రాంతంలో మాడ్రిడ్‌లో ఉన్నప్పుడు, అప్పటికే యూరప్ అంతా పేరున్న మనిషి, 50 దాటిన మనిషి, కూర్చుని తనకంటే ముందుతరం ఇటాలియన్ చిత్రకారుడు టిషియన్ బొమ్మలు కాపీ చేశాడు. 'ఆదాము, అవ్వ' అసలూ, ఆయన కాపీ రెండూ ఇప్పుడు అక్కడి ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. కాపీలో ఆయన ఒక చిలకను అదనంగా పెట్టాడు, ఆదాము భంగిమ మార్చాడు. చెయ్యి పాడైన దాఖలా లేదు. కాబట్టి స్నేహితురాలి మాటలో భయమే ఎక్కువ.

కానీ ఆమె మాటలో ఒక నిజం ఉంది, గురువుగారు దాన్ని దాటేస్తున్నారు. కాపీలో అసలు కష్టమైన పనులన్నీ ముందే ఎవరో చేసిపెట్టారు. దీపం ఎటువైపు పెట్టాలి, తల ఎంత తిప్పాలి, ఏ అంచు కరగనివ్వాలి, ఎక్కడ ఆపేయాలి అనే నిర్ణయాలన్నీ వెర్మీర్‌వి. మీకు మిగిలింది అమలు. కదిలే, అలసిపోయే, మాట్లాడే ముఖాన్ని చదును మీదికి దించడం కాపీ నేర్పదు. ఇంకోటి. ఈ బొమ్మ అసలు పోర్ట్రెయిట్టే కాదు. డచ్చివాళ్లు దీన్ని 'ట్రోనీ' అనేవారు. ఫలానా మనిషి పోలిక అవసరం లేని, ఒక ముఖపు తీరు. పోలిక పట్టడం నేర్చుకోవాలని మీరు ఎంచుకున్న బొమ్మలో పోలిక అనే సమస్యే లేదు. పొరల వరుస, మెత్తటి అంచు, వెలుగు నీడల లెక్క ఇది బ్రహ్మాండంగా నేర్పుతుంది. ముడతల్లేని, గీతల్లేని ఆ ముఖం మొదటిసారి పట్టుకునేవాళ్లకి మాత్రం నరకం. సులువుగా కనబడుతుంది, అదే దాని మోసం.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఈ కాన్వాస్‌నే బాగుచేసుకోవడం ఒకటి. కుదురుతుంది గానీ మీ పంట పండదు. నిలువున సాగిన ముఖాన్ని సరిచేయాలంటే గడ్డం నుంచి కళ్లదాకా మళ్లీ వేయాలి. కింద చిట్లిన పొరలు మళ్లీ చిట్లుతాయి. గరుకు కాగితంతో రుద్దుదామనుకోకండి. మీ దగ్గరున్న ట్యూబుల్లో కాడ్మియం రంగులు ఉంటే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏడాది శ్రమ వృథా కాలేదన్న తృప్తి కోసమే ఈ దారి. ఆ తృప్తికి ఇంకో నాలుగు నెలలు ఖర్చవుతుంది.

రెండోది, కొత్త కాన్వాస్ మీద వరుసగా చేయడం. మీ రాత్రి రెండు గంటల లెక్కన ఎండబెట్టే రోజులతో కలిపి రెండు నెలలు పడుతుంది. మొదట రా అంబర్‌లో చిటికెడు తెలుపు కలిపి, పల్చన చేసి, కాన్వాస్ అంతా మధ్యరకం గోధుమ బూడిదగా పూసి రెండు మూడు రోజులు ఎండనివ్వండి. తెల్లటి కాన్వాస్ మీద ప్రతి రంగూ ముదురుగా కనబడి మోసం చేస్తుంది, అందుకే ఇది. తర్వాత గీత దించండి. కుంచె పట్టకముందే అద్దంలో, తలకిందులుగా పెట్టి చూడండి. తప్పు ఉంటే ఇక్కడ అయిదు నిమిషాల పని, తర్వాతైతే అయిదు వారాల పని.

ఆ పైన రంగు లేకుండా, అంబరూ తెలుపే వాడి, ముఖం మొత్తాన్ని వెలుగునీడల్లో కట్టండి. వెర్మీర్ కూడా అడుగుపొరను గోధుమ, నలుపు ఛాయల్లో కట్టాడని ఆ పరిశోధనలోనే తెలిసింది. మూడు రాత్రులు దీనికే ఇవ్వండి. ఫోన్‌లో మీ కాన్వాస్‌నీ ప్రింటునీ కలిపి ఒక ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రెండూ ఒకేలా లేకపోతే రంగులోకి వెళ్లొద్దు. ఇక్కడ ముఖం అమ్మాయిలా ఉంటే తర్వాత రంగు కాస్త అటూఇటూ అయినా అమ్మాయిలానే ఉంటుంది. మీ మొదటి బొమ్మలో లేనిది సరిగ్గా ఈ మెట్టే.

వారం ఎండాక రంగు. ముందే పాలెట్ మీద మూడు కుప్పలు కలిపి పెట్టుకోండి. వెలుగుకి తెలుపు ఆరు పాళ్లు, ఓకర్ ఒక పాలు, లేత కాడ్మియం ఎరుపు పావు పాలు. నడిమి ఛాయకి ఇదే కుప్పలోంచి కొంత తీసి రా అంబర్ కాస్త. నీడకి అంబర్, ఎరుపు, కొద్దిగా ఓకర్, తెలుపు లేకుండా. పాళ్లు మీ ట్యూబుల బలాన్ని బట్టి మారతాయి, కానీ కుప్పలు మూడే ఉండాలి, ఒక్కో కుప్పకి ఒక్కో కుంచె ఉండాలి. మీ ముఖం బురదగా మారడానికి సగం కారణం ఒకే కుంచెతో వెలుగులోంచి నీడలోకీ, నీడలోంచి వెలుగులోకీ తిరగడం. రెండు కుప్పలు కలిసే చోట పొడి మెత్తటి కుంచెతో మూడు నాలుగుసార్లు తట్టి ఆపేయండి. ప్రతిసారీ గుడ్డకి తుడవండి. పదోసారి తట్టారంటే ముఖం మైనపు బొమ్మ అవుతుంది. వెలుగు రంగును ముదురు అడుగు మీదికి పల్చగా లాగితే దానంతటదే నీలపు బూడిద ఛాయ వస్తుంది. ఆ చల్లదనం కోసం ట్యూబులోంచి నీలం తీయనక్కర్లేదు. తలపాగాకి అల్ట్రామెరీన్ ఎలాగూ కావాలి. ఆఖరున, ఇంకో పది రోజుల తర్వాత, పెదవుల మీదా వెనకభాగం మీదా నూనె కాస్త ఎక్కువున్న పలుచని పొరలు. పెదవి మూల తడిగా మెరిసే చుక్క, కంటిలో చుక్కలు అన్నిటికంటే చివర. అవి ముందే పెట్టేస్తే వాటిని కాపాడుకోవడానికే రాత్రంతా సరిపోతుంది.

వార్నిష్ గురించి తొందర లేదు. ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి.

మూడోది, బొమ్మ మార్చడం. అమ్మగారిది చామనఛాయ అని రాశారు, ముడతలు కూడా ఉంటాయి. వెర్మీర్ అమ్మాయి కోసం కలిపిన ఆ మూడు కుప్పలు అమ్మగారి ముఖానికి పనికిరావు. 1650లో స్పానిష్ చిత్రకారుడు వెలాస్కెజ్ రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా అనే మనిషి చిత్రం చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, పెద్ద సైజు బొమ్మను వాళ్ల వెబ్‌సైట్‌ నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. గోధుమ చర్మం మీద వెలుగు ఎలా కూర్చుంటుందో అందులో ఉంది. నీడలు పల్చగా వెచ్చగా, మెరుపులు తక్కువ చోట, గట్టిగా. వృద్ధాప్యం కోసమైతే రెంబ్రాంట్ 1634లో వేసిన 83 ఏళ్ల వృద్ధురాలి చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ముడతలు గీతలు కావు. పక్కపక్కన పెట్టిన రంగు ముద్దలు. బొమ్మ మొత్తం వద్దు. నుదురు, ఒక కన్ను, చెంప వరకు 20 సెంటీమీటర్ల ముక్క ఒకటి చాలు, రెండు వారాల్లో అయిపోతుంది. గురువుగారికి ఇది నచ్చకపోవచ్చు, ఆయన అడిగింది పూర్తి కాపీ. కానీ ఇక్కడ అవసరం మీది. ఆ మాట ఆయనతోనే నేరుగా చెప్పండి, అమ్మగారి సంగతీ చెప్పండి. ఉత్తరం చూస్తే ఆయనకి అది తెలిసినట్టు లేదు.

నాలుగోది, అమ్మగారి బొమ్మ ఇప్పుడే మొదలుపెట్టడం. గొప్ప పోర్ట్రెయిట్ ఇప్పుడు రాదు. రావాలని కూర్చుంటే మీరు కంగారుపడతారు, ఆవిడ అలసిపోతారు. కానీ రేపటి పోర్ట్రెయిట్‌కి కావలసిన సరుకు ఇప్పుడే దొరుకుతుంది. నా మొగ్గు మూడూ నాలుగూ కలిపి చేయడం వైపు, వెర్మీర్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టి. అయితే కాపీ ముగించలేదన్న వెలితి మిమ్మల్ని తొలిచేస్తుందనుకుంటే రెండోదీ నాలుగోదీ కలపండి. ఒక్క నాలుగోదాన్ని వాయిదా వేసే దారి మాత్రం ఏదీ నాకు సరిగ్గా కనబడటం లేదు.

అమ్మగారిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి, వెలుతురు ఒక్క వైపునుంచే రావాలి, గదిలో లైట్లు తీసేయండి. రాత్రిళ్లు కాదు, సెలవురోజు పగలు, ప్రతిసారీ అదే వేళకి. కుర్చీ కాళ్లు నాలుగూ నేల మీద టేపుతో గుర్తుపెట్టండి. ఆవిడ కళ్లూ మీ కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. 20 నిమిషాలు కూర్చోవడం, లేచి తిరగడం. రోజుకి రెండుసార్లు మించొద్దు. మాట్లాడనివ్వండి, నోరు చివరి పది నిమిషాల్లో చూసుకోవచ్చు.

మొదటి రోజు రంగు లేదు. అంబర్ ఒక్కటే, వెలుగు వైపు, నీడ వైపు, అంతే. కళ్లు సగం మూసి చూస్తే రెండే కనబడతాయి. రెండో రోజు బొమ్మే వద్దు. పాలెట్ కత్తితో అయిదు రంగులు కలిపి చిన్న అట్ట మీద పూయండి. నుదురు, వెలుగు చెంప, నీడ చెంప, గడ్డం కింద, జుట్టు. కత్తిని ఆవిడ ముఖానికి సూటిగా పట్టి ఒక కన్ను మూసి పోల్చుకోండి. చామనఛాయకి బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ, ఓకర్, చిటికెడు అల్ట్రామెరీన్‌తో మొదలుపెట్టండి. లేతచేయాలంటే ఒట్టి తెలుపు వేయకండి, సున్నం తేలుతుంది. ఓకరూ కాస్త ఎరుపూ కలిపిన తెలుపు వేయండి. కిటికీ వెలుతురులో నుదుటి మెరుపు చల్లగా, దాదాపు నీలంగా ఉంటుంది. అది చిన్నగా ఒక్కచోట పెట్టండి. ముడతలన్నీ లెక్కపెట్టకండి. మూడు చాలు, వాటికి కూడా గీత కాదు, ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ.

అదే వెలుతురులో ఫోటోలు కూడా తీసుకోండి. ఫ్లాష్ వద్దు. ఫోన్ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కనీసం రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేయండి. వెలుగు వైపు స్పష్టంగా ఒకటి, నీడ వైపు స్పష్టంగా ఒకటి తీయండి, ఒక్క ఫోటోలో రెండూ పడవు. ఆ రంగుల అట్టా, ఆ ఫోటోలూ, మొదటి రోజు అంబర్ బొమ్మా ఉంటే, ఆవిడ ఇక కూర్చోలేని రోజున కూడా మీరు పని కొనసాగించవచ్చు.

వాసన సంగతి. టర్పెంటైన్ లేకుండానే ఆయిల్ రంగులు వేయొచ్చు, మీవారి తలనొప్పి సాకు కాదు, ఆ ఆవిర్లు నిజంగానే మంచివి కావు. కుంచెల్ని ముందు గుడ్డకి బాగా తుడిచి, అవిసె నూనెలో ఝాడించి, సబ్బుతో కడిగేయండి. రంగు ఎలాగూ ట్యూబులోంచి నేరుగా వాడొచ్చు. మొదటి పల్చని పూతకి వాసన తక్కువుండే మినరల్ స్పిరిట్ రెండు చెంచాలు, కిటికీ తెరిచి. దీనికంటే పెద్ద ప్రమాదం మీరు రాయనే లేదు. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఎండబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

బంధువు అడిగిన సంతకం. వెర్మీర్ 1675లో పోయాడు, హక్కుల గొడవేమీ లేదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. కానీ అసలు బొమ్మలో ఎడమవైపు పైన ఆయన సంతకం ఉంది, దాన్ని మాత్రం దించకండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని కాపీ చేసేవాళ్లకి నియమం ఉంది. కాపీ అసలుకంటే కనీసం ఐదో వంతు పెద్దదో చిన్నదో ఉండాలి, సంతకం కాపీ చేయకూడదు. ఇంట్లో వేసుకునే మీకు ఆ నియమం వర్తించకపోయినా, కాన్వాస్ వెనక 'వెర్మీర్ బొమ్మకు కాపీ' అని, మీ పేరు, సంవత్సరం చెరగని సిరాతో రాసిపెట్టండి. ముందువైపు మీ సంతకం ఒక్కటే పెడితే చూసేవాళ్లకి తప్పుడు సంకేతం వెళ్తుంది.

పాత కాన్వాస్‌ని పారేయకండి, ఇప్పుడే బంధువుకీ ఇవ్వకండి. దానికి ఇంకో పని ఉంది. వెనకభాగంలో పగుళ్లు లేని ఓ అరచెయ్యంత చోటు చూసుకుని, నూనె చుక్క రుద్ది తుడిచి, నీలమూ పారదర్శకమైన పసుపూ కలిపిన పలుచని ఆకుపచ్చ పొర వేయండి. పది రోజులాగి ఇంకో పొర. అమ్మాయి చెంప పక్కన నలుపు ఉన్నప్పుడు చర్మం ఎలా కనబడుతోంది, ఆకుపచ్చ ఉన్నప్పుడు ఎలా ఎర్రబడుతోందో పక్కపక్కన చూసుకోవచ్చు. అమ్మగారి వెనక ఏ రంగు గుడ్డ వేలాడదీయాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.